సైనికుని కాగితములలో తేదీ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము తీసికొనిపోవు ప్రతివారికిని తేదీ యొక్క విలువ తెలిసియే యున్నది. పుస్తకము వెనుక అట్టకు అంటించిన చీటిమీద ఒక తేదీ పడును. ఆ తేదీ దాటినచో జుర్మానా చెల్లింపవలెను. తేదీ తప్పుగా పడినదని పాఠకుడు వాదించినచో, ఖాతా పుస్తకము తెరచి చూచుటతో తగవు తీరిపోవును. పోయినను కొలది పైసలే పోవును. కాని సైనికుని కాగితములలో తేదీ తప్పుపడినచో పోవునది పైసలు కాదు; ముదిమియందు అతడు తినవలసిన అన్నము, అతని అనంతరము అతని భార్య తినవలసిన అన్నము. ఇచ్చటి తగవు తీర్చుటకు తెరువవలసిన ఖాతా పుస్తకము నాసిక్‌లోనో, బెంగుళూరులోనో, రాణీఖేత్‌లోనో ఉండును. కనుకనే ఈ చిన్న విషయమును గూర్చి పెద్దగా ముచ్చటింపవలసి వచ్చినది.

కృష్ణానదికి ఉభయ పార్శ్వముల నున్న ఆత్మకూరు, గద్వాల, వనపర్తి సీమలు సంస్థానముల కాలమునుండి కవిపండిత పోషణకు పేరొందినవి. అమరచింత సంస్థానమునకు ఆత్మకూరే రాజధాని. అయితే ఈ సీమ కావ్యములతోపాటు కత్తిని కూడ ఎరుగును. వనపర్తి ప్రభువుల కొలువునందు హబ్షీ దళము ఉండెడిది. హైదరాబాదు నగరమున నేటికిని ఏ.సి. గార్డ్స్ అని పిలువబడు పేట ఆఫ్రికా ఆశ్వికదళము పేరిట వెలసినదే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున హైదరాబాదు లాన్సర్లు సూయజ్ కాలువ యొద్దను, పాలస్తీనా యందును పనిచేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున హైదరాబాదు సంస్థాన పదాతిదళ మొకటి మలయాలోని కోటాబారు విమానాశ్రయమునకు కావలి కాచెను.

ఆ కోటాబారు కథలోనే తేదీ మహిమ కనబడుచున్నది. జపాను సేనలు అచ్చటి సముద్రతీరమున దిగినది 1941 డిసెంబరు 8వ తేదీ, అర్ధరాత్రి దాటిన పిమ్మట. పెర్ల్ హార్బరుపై బాంబులు పడినది డిసెంబరు 7వ తేదీ అని చరిత్ర పుస్తకములన్నియు చెప్పుచున్నవి. తేదీలు మాత్రమే చూచువాడు పెర్ల్ హార్బరే ముందనుకొనును. నిజమునకు కోటాబారు దాడియే గంటకు పైగా ముందు జరిగినది. భూగోళముమీద దినము మారు రేఖ ఒకటి నడుమ నుండుటచే, వెనుక జరిగినది ముందు తేదీని ధరించినది. తేదీ వ్రాసిన మాత్రమున సత్యము తేలదు, ఆ తేదీ ఏ లెక్క ప్రకారము వ్రాయబడినదో కూడ తెలియవలెను అనుటకు ఇంతకన్న దృష్టాంతము అక్కరలేదు.

అంత దూరము పోనేల? ఈ సీమలోనే మూడు నాలుగు లెక్కలు ప్రక్కప్రక్కన నడచినవి. ఇంటిలో తల్లి చెప్పునది సంవత్సరము పేరు: వికృతిలో పుట్టినాడు, ఖరలో పుట్టినాడు అని. ఆ పేరు అరువది యేండ్లకొకమారు తిరిగి వచ్చును. మసీదు ప్రక్కయింటివారు చెప్పునది హిజరీ. అది చాంద్రమానము, ఇంచుమించు 354 దినములకే ఏడాది నిండును. పట్వారీ దస్త్రములోను, నిజాము కాలపు బడి పుస్తకములోను ఉన్నది ఫసలీ. సైన్యము అడుగునది ఇంగ్లీషు తేదీ. ఈ నాలుగింటి నడుమ నలిగిన జన్మదినము సరిగా ఉండుటయే వింత. తప్పుపడుట వింత కాదు.

ఫసలీని గూర్చి కొంత వివరింపవలెను. హైదరాబాదు రాజ్యమున ఫసలీ సంవత్సరము ఆజర్ నెల మొదటి తేదీన, అనగా అక్టోబరు 6వ తేదీన ఆరంభమగుచుండెను. ఆజర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ అని పండ్రెండు నెలలు. తుంగభద్ర దాటి కర్నూలులో అడుగు పెట్టినచో అది మద్రాసు రాజధాని. అచ్చటను ఫసలీయే గాని, అది 1855 మొదలు జూలై 1వ తేదీన ఆరంభమగుచుండెను. పేరొకటే, అంకె యొకటే, ఆరంభము వేరు. 1931 ఆగస్టు నెలయందు నదికి ఈవల ఫసలీ 1340 నడుచుచుండగా, ఆవల 1341 నడుచుచుండెను.

హైదరాబాదు ఫసలీని ఇంగ్లీషు సంవత్సరమునకు మార్చు లెక్క తేలికయే. అక్టోబరు 6 మొదలు డిసెంబరు చివర వరకు నున్న తేదీలకు 590 కలుపవలెను. జనవరి 1 మొదలు అక్టోబరు 5 వరకు నున్న తేదీలకు 591 కలుపవలెను. ఈ భేదమును గుమాస్తా మరచి అన్నింటికిని ఒకే అంకె కలిపెనా, మనిషి వయస్సు ఏడాది పెరుగును, లేదా తరుగును. ఫసలీ 1340 దై నెలలో పుట్టిన బాలుని ఊహింతము. అది 1930 నవంబరు. 591 కలిపిన గుమాస్తా దానిని 1931 చేయును. ఆ బాలుడు సైన్యమున చేరి, పనిచేసి, ఇంటికి వచ్చి, ముసలివాడై నాడు గాని ఆ ఒక్క యేడాది కథ బయటపడదు.

అప్పుడెట్లు బయటపడునో వినుడు. ఆరవ వేతన సంఘపు సిఫారసుల ననుసరించి 2006 జనవరి 1 మొదలు వృద్ధ పింఛనుదారులకు అదనపు పింఛను ఏర్పడినది. 80 ఏండ్లు నిండినవారికి మూల పింఛనుపై నూటికి 20 వంతులు, 85 నిండిన 30, 90 నిండిన 40, 95 నిండిన 50, నూరేండ్లు నిండిన వారికి మూల పింఛనంత మరియొకటి. కుటుంబ పింఛను పొందు వితంతువునకును ఇదే నియమము. పైన చెప్పిన బాలునికి 2010 నవంబరులో రావలసిన అదనపు పింఛను 2011 నవంబరు వరకు రాదు. పండ్రెండు నెలల సొమ్ము ఒక గుమాస్తా కూడికలో కలిసిపోయినది. తప్పు మరియొక దిక్కున పడినచో, వయస్సు పెరిగి, సైనికుడు ఏడాది ముందుగానే కొలువు విడువవలసి వచ్చును.

జన్మదినము తప్పుపడుటకు లెక్కల భేద మొక్కటే కారణము కాదు. పదునేడున్నర యేండ్లు నిండనిదే సైన్యమున చేరరాదు. ఆకలిగొన్న యింటినుండి పదునారేండ్ల కుర్రవాడు భర్తీ దఫ్తరుకు పోయి, తన వయస్సు పదునెనిమిది అని చెప్పెడివాడు. చదువురాని తండ్రి చెప్పినదే తేదీ, బడి పంతులు వ్రాసినదే తేదీ. జనన మరణముల నమోదు చట్టము దేశమంతటికి ఒకటిగా ఏర్పడినది 1969లో. అంతకు ముందు పుట్టిన పల్లెటూరి మనిషికి జనన పత్రము ఉండుట అరుదు. కనుక ఆ తరమువారి తేదీలు చాల వరకు జ్ఞాపకముపై కట్టిన గోడలు.

ఇక జన్మదినము గాక, సైనికుని కాగితములలో మరికొన్ని తేదీలు కలవు. భర్తీ యైన తేదీ యొకటి, శిక్షణ కేంద్రమునకు చేరిన తేదీ యొకటి, ప్రమాణము చేసిన తేదీ యొకటి, విడుదలయైన తేదీ యొకటి. ఒకదానికి బదులొకటి వ్రాసినచో నెలలు మారిపోవును. సిపాయి మొదలు సుబేదారు వరకు గల శ్రేణులవారికి సేవా పింఛను రావలెనన్న 15 సంవత్సరముల సేవ ఉండవలెను. ఆఫీసర్లకు 20 సంవత్సరములు. పూర్వము కొంతకాలము సైన్యమున పనిచేసి, మిగిలిన కాలము రిజర్వులో పేరుండు పద్ధతి నడచినది. ఆ రెండును కలిపి 15 ఏండ్లయినచో రిజర్విస్టు పింఛను లభించెడిది. ఇట్టి గీత గీసి యుండగా, పదునైదేండ్లు నిండినవాడు ఒకడు, పదునాలుగేండ్ల పదునొకండు నెలలవాడు ఒకడు. కొన్ని నిబంధనలకు లోబడి పండ్రెండు నెలలవరకు గల కొరతను మన్నించు అధికారము ప్రభుత్వమునకు కలదు. కాని అది అడుగవలసినది, తనంతట వచ్చునది కాదు. అడుగువానికి మొదట తన తేదీలు తెలియవలెను.

మూడవ తెగ తేదీలు ఇంటివి: భార్య జన్మదినము, వివాహ తేదీ, బిడ్డల జన్మదినములు. వీనిని సైనికుడు తన దళమునకు తెలుపగా, అవి పార్టు-2 ఆర్డరులో ప్రకటింపబడి రికార్డునకు ఎక్కును. ఎందరో తెలుపలేదు; తెలిపినవారును అంచనా వ్రాసిరి. భర్త జీవించియున్నంత కాలము దాని కొరత తెలియదు. అతడు కన్ను మూసిన పిదప, ముదుసలి వితంతువు బ్యాంకు గుమ్మము ముందు నిలిచినప్పుడు తెలియును. పింఛను ఉత్తరువులో ఆమె జన్మదినము లేదు. లేనిచో ఎనుబది యేండ్లెప్పుడు నిండునో బ్యాంకు నిర్ణయింపలేదు. ఆధారు కార్డున జనవరి 1 అని యుండును, ఏలయన తేదీ తెలియనివారికి సంవత్సరము మాత్రము వ్రాసి ఆ తేదీ వేసిరి. వోటరు కార్డున మరియొక వయస్సు. పైగా ఆధారు జన్మదినమునకు రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కనుక ఆ ఒక్క కార్డును నమ్ముకొని కూర్చుండరాదు.

ఇన్ని తప్పులున్నప్పుడు దిద్దుమని అడుగుటకు అడ్డేమి? ఇచ్చటనే న్యాయస్థానములు చెప్పిన మాట తెలిసికొనవలసి యున్నది. ప్రభుత్వోద్యోగి జన్మదినము మార్చవలెనన్నచో కొలువున చేరిన ఐదేండ్లలోపల అడుగవలెనని కేంద్ర ప్రభుత్వము 1979లో నియమము చేసినది. తప్పు నిజముగా జరిగినదని రుజువు కావలెను. మార్చిన తేదీ ప్రకారము చూచినను ఆనాడు అతడు కొలువునకు అర్హుడై యుండవలెను. హర్నాం సింగ్ అను ఉద్యోగి విషయమున 1993లో సుప్రీంకోర్టు ఈ సూత్రమునే బలపరచినది. అతడు కొలువున చేరిన పిదప సుమారు 35 సంవత్సరములు ఊరకుండి, విరమణ సమీపించిన తరువాత అడిగెను. ఇన్నియేండ్లు మౌనము వహించినవానికి ఇప్పుడు హక్కు లేదని కోర్టు భావము. దీనియందొక న్యాయము కలదు. ఒకడు రెండేండ్లు అదనముగా కుర్చీలో కూర్చున్నచో, వెనుకనున్నవాని వంతు రెండేండ్లు వెనుకబడును. మన మనిషికి మేలని తోచినది, కనబడని మరియొక మనిషికి కీడగును.

ఈ నియమము సామాన్య సిపాయికే కాదు, సేనాధిపతికిని తప్పలేదు. జనరల్ వి.కె. సింగ్ గారు 2010 మార్చి 31న భారత సైన్యాధిపతియైరి. ఆయన మెట్రిక్యులేషను పత్రమున జన్మదినము 1951 మే 10. నేషనల్ డిఫెన్స్ అకాడెమీ ప్రవేశమునకై బాల్యమున పూరించిన దరఖాస్తులో 1950 మే 10. సైన్యములోని ఒక శాఖ పుస్తకమున ఒక తేదీ, మరియొక శాఖ పుస్తకమున వేరొక తేదీ. ఇట్లు దశాబ్దముల పాటు రెండును ప్రక్కప్రక్కన నడచినవి. 1951 అని సరిచేయవలెనను ఆయన కోరికను ప్రభుత్వము 2011 డిసెంబరులో త్రోసిపుచ్చగా, 2012 జనవరిలో ఆయన సుప్రీంకోర్టు నాశ్రయించిరి. పదవిలోనున్న సైన్యాధిపతి తన తేదీకై ప్రభుత్వముపై కోర్టుకెక్కుట ఆ దేశచరిత్రయందు వింతగా తోచినది.

2012 ఫిబ్రవరి 10న న్యాయమూర్తులు ఆర్.ఎం. లోధా, హెచ్.ఎల్. గోఖలే గార్లు వ్యవహారమును విచారించిరి. ఆయన నిజముగా ఏనాడు పుట్టెనను ప్రశ్న ముఖ్యము కాదనియు, రికార్డునందు ఏ తేదీని ప్రభుత్వము అంగీకరించినదను ప్రశ్నయే ముఖ్యమనియు, 1950ని ఆయన తానే పూర్వము ఒప్పుకొని వ్రాసియిచ్చెననియు కోర్టు చూపినది. ఆయన తన అర్జీని ఉపసంహరించుకొనిరి. 2012 మే 31న విరమించిరి. సైన్యాధిపతికి 62 ఏండ్లు నిండుటయో, మూడేండ్లు గడచుటయో, ఏది ముందైన అదియే గడువు. 1951 నిలిచియున్నచో 2013 మార్చి వరకు, అనగా మరి పది నెలలు ఆయన పదవిలో ఉండెడివారు.

ఈ తీర్పునుండి గ్రహింపవలసినది ఏమి? తల్లి కన్న దినము వేరు, రికార్డు కన్న దినము వేరు. రికార్డు దినమును తొలినాడే సరిచూచుకొననిచో, తల్లి సాక్ష్యము కూడ చెల్లదు. అంత పెద్ద సేనాపతికి చెల్లనిది, అడుగువారు లేని సిపాయికి చెల్లునని ఆశపడుట వ్యర్థము.

అయినను నిరాశపడ పనిలేదు. తప్పులు రెండు విధములు. జన్మదినమును మార్చుమనుట ఒకటి; దీనికే గడువు. కార్యాలయపు పుస్తకములే ఒకదానితో నొకటి పొసగనప్పుడు, ప్రతి వ్రాయుటలో జరిగిన పొరపాటును దిద్దుమనుట మరియొకటి. ఉదాహరణమునకు, డిశ్చార్జి పుస్తకమున విడుదల తేదీ ఒకటి యుండి, పింఛను ఉత్తరువులో వేరొకటి యున్నచో, అది కొత్త హక్కు నడుగుట కాదు, ఉన్న సత్యమును సరిగా వ్రాయుమనుట. ఇట్టిదానిని ముదిమియందైనను అడుగవచ్చును. భార్య జన్మదినము చేర్చుమనుటయు ఈ రెండవ తెగకు సమీపమైనదే. రికార్డు కార్యాలయము అంగీకరించినచో, ప్రయాగరాజులోని పింఛను కార్యాలయమునుండి సవరణ ఉత్తరువు వెలువడును. 2021 మొదలు స్పర్శ్ అను పేరిట పింఛనులు కంప్యూటరు పద్ధతికి మారుటచే, పాత కాగితములలో దాగియున్న పొరపాటులు అనేకము తెరమీదికి వచ్చుచున్నవి. ఇది కష్టమే గాని, దిద్దుకొనుటకు అవకాశము కూడ.

దరఖాస్తు ఎవరికి పంపవలెను? సైనికుడు పనిచేసిన శాఖ యొక్క రికార్డు కార్యాలయమునకు. మద్రాసు రెజిమెంటుది నీలగిరులలోని వెల్లింగ్టను, మద్రాసు శాపర్సుది బెంగుళూరు, ఫిరంగి దళముది నాసిక్ రోడ్డు, ఇ.ఎం.ఇ. మరియు ఆర్డినెన్సు శాఖలది సికింద్రాబాదు, సిగ్నల్సుది జబల్పూరు, వైద్య శాఖది లక్నో. పూర్వపు 19వ హైదరాబాదు రెజిమెంటు 1945లో కుమావూఁ రెజిమెంటుగా పేరు మార్చుకొన్నది గనుక, ఆ పాత పేరు చూచి హైదరాబాదులో వెదకరాదు. దాని నిలయము రాణీఖేత్. పింఛను లేనివారి సేవా పత్రములు 25 సంవత్సరముల పిదప నాశనము చేయబడును. లాంగ్ రోల్ అను పెద్ద పట్టిక మాత్రము శాశ్వతముగా నిలుచును. కాబట్టి ఆలస్యము చేసినకొలది సాక్ష్యము తరుగును.

దరఖాస్తులో కోపతాపములు, కన్నీళ్లు వ్రాయుట వలన ఫలము లేదు. సైనిక సంఖ్య, హోదా, పేరు, దళము, భర్తీ తేదీ, విడుదల తేదీ మొదట వ్రాయవలెను. ఏ పత్రమున ఏ తేదీ యున్నదో, దానిని ఏ విధముగా దిద్దవలెనో, ఒక్క మాటలో వ్రాయవలెను. ఆధార పత్రముల నకళ్లు జతపరచి, అసలు ఇంటనే ఉంచుకొని, టపాలో పంపి, రసీదు భద్రపరచవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పంపినచో మరింత మేలు. జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ముప్పది దినములలో సంగతి అడుగవచ్చును. అప్పటికిని న్యాయము కాకున్నచో, 2009లో పనియారంభించిన సాయుధదళముల ట్రిబ్యునలు కలదు. దాని పీఠమొకటి చెన్నైలో నున్నది.

గ్రామము పేరు వ్రాయుటలోను జాగ్రత్త కావలెను. తెలుగుదేశమున ఆత్మకూరులు పెక్కు: నెల్లూరు సీమలో నొకటి, నల్లమల అంచున నొకటి, తెలంగాణమున మరికొన్ని. పాత పుస్తకమున ఇది మహబూబునగరు జిల్లా. 2016 అక్టోబరు 11 మొదలు వనపర్తి జిల్లా. పాత జిల్లా పేరు, కొత్త జిల్లా పేరు రెండును వ్రాయనిచో ఉత్తరము ఊళ్లు తిరిగి వెనుకకు పోవును.

అబద్ధపు తేదీకై ప్రమాణపత్రము వ్రాయించుట మాత్రము తగదు. అది నేరము, అంతకు మించి, ఎండలో, మంచులో నిలిచి సంపాదించిన గౌరవమునకు మచ్చ. దేశమునకై ప్రాణమొడ్డినవాడు పదినెలల పింఛనుకై సత్యమును విడువరాదు. అట్లే, సత్యము తనవైపున నున్నప్పుడు బిడియపడి ఊరకుండనురాదు. ఊరకుండినందున నష్టపడువాడు అతడొక్కడు కాదు. ఎనుబది దాటిన అతని ఇల్లాలు కూడ.

ఈ కార్యమున గ్రంథాలయము చేయదగినది ఎంతో కలదు. పాత పంచాంగములను పారవేయక ఒక బీరువాలో భద్రపరచినచో, సంవత్సరము పేరు, తిథి చెప్పిన అవ్వకు ఇంగ్లీషు తేదీ చూపవచ్చును. ఫసలీ, ఇంగ్లీషు సంవత్సరముల పట్టిక యొకటి గోడకు తగిలింపవచ్చును. ఊరిలోని మాజీ సైనికుల సంఖ్య, దళము, భర్తీ తేదీ, విడుదల తేదీ, భార్య జన్మదినము వారి అనుమతితో ఒక పుస్తకమున వ్రాసి యుంచవచ్చును. చదువుకొన్న యువకులు వారమున కొకసాయంత్రము కూర్చుండి, ముసలివారి డిశ్చార్జి పుస్తకములను చదివి, ఒకదానితో నొకటి సరిపోల్చి, అర్జీ వ్రాసి యీయవచ్చును. అక్షరము నేర్చినవాడు నేర్వనివానికి చేయదగిన సేవలలో ఇంతకంటె ఫలప్రదమైనది అరుదు.

పుస్తకము తిరిగి ఇచ్చు తేదీని ఇరువదియైదేండ్లు తప్పక వ్రాసిన గ్రంథాలయము, ఇకముందు ఊరి సిపాయిల తేదీలను కూడ తప్పక కాపాడును గాక. రజతోత్సవమునకు గురుతుగా ఒక్క వితంతువు కాగితమున ఒక్క తేదీ సరియైనను, ఈ ఉత్సవము సార్థకమైనట్లే.

స్వస్తి.